పెట్టెలో కదిలిన పిస్తోలు

నిన్న ఉదయం పాత సహోద్యోగి ఒకాయన నా ఫోనుకు ఒక బొమ్మ పంపాడు. మెరుగుపెట్టిన చెక్కపెట్టె, లోపల పచ్చని ఉన్నిగుడ్డ పరుపు, దాని మీద పాతకాలపు రివాల్వరు. చుట్టూ తుపాకిమందు కుప్పె, సీసపు గుండ్లు పోసే అచ్చు, రాగి టోపీల డబ్బీ, ఒక్కొక్కటీ దాని దాని గూట్లో. "ఒక్క చేతి పని, చెక్కు చెదరలేదు" అని కింద రాశాడు. ఏ వస్తువైనా చెక్కు చెదరలేదంటే నాకు ముందు కలిగేది అనుమానమే. ఉద్యోగమంతా సెమిలిగుడ దగ్గరి కర్మాగారంలో, ప్రయోగశాలలోనే గడిచింది. సంచి మీద రాసిన పేరుకూ లోపలి పొడికీ సంబంధం ఉందని పరీక్షించకుండా నమ్మకూడదన్నది అక్కడ అబ్బిన గుణం. ఇంట్లోవాళ్లు దాన్ని రోగమంటారు. బొమ్మను పెద్దది చేసి మూలలు వెతుకుతుంటే జయపురంలోని మా మేనత్త ఇంటి ముందుగది కళ్లకు కట్టింది.

మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి జయపురంలో ఒక మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా స్థిరపడ్డాడు. అక్కడి దొర డాక్టరు స్వదేశానికి వెళ్లిపోతూ తాతకు ఒక పిస్తోలు పెట్టె ఇచ్చాడనీ, అది లండన్‌లో ఒక గొప్ప పనివాడు స్వయంగా చేసినదనీ మా ఇంటి చరిత్ర. బైబిలు, రోగులకు పంచే బత్తాయిలు తప్ప మరేమీ చేతబట్టని డాక్టరుకు పిస్తోలెందుకని చిన్నప్పుడే అడిగాను. పులుల కోసమన్నారు. ఆ రకం రివాల్వరులో ప్రతి గదిలోనూ మందు పోసి, గుండు కూరి, వెనక మందుకు నిప్పంటించే రాగి టోపీ తొడగాలి. అంతసేపు పులి ఓపిగ్గా నిలబడుతుందా అన్నది నా రెండో ప్రశ్న. దానికి జవాబు రాలేదు, మొట్టికాయ వచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికే టోపీ మీద కొట్టే దాని గుర్రం బిగుసుకుపోయి, కదిపినా కదిలేది కాదు. తాత మాత్రం క్రిస్మస్ నాటి ప్రార్థన అయ్యాక పెట్టెను ఒళ్లో పెట్టుకుని మూత తెరిచేవాడు. పిల్లలు గుమ్మం దగ్గరి నుంచే చూడాలి.

తాత పోయాక, రాయగడ రైల్వేలో పనిచేసే మా చిన్నాన్న తుప్పు వదిలించి నూనె పెడతానని పెట్టెను తీసుకెళ్లాడు. తిరిగి తెచ్చిన రోజున అత్త దాన్ని అందుకుని ఊరికే అటూ ఇటూ ఊపింది. లోపల కటకటమని చప్పుడైంది. నాన్న ఉన్నప్పుడు ఈ పెట్టె మోసింది తనేననీ, ఏనాడూ చప్పుడు కాలేదనీ, గూట్లో పట్టినట్టు కూర్చునే అసలు పిస్తోలును అమ్ముకుని తమ్ముడు వేరేది తెచ్చి పెట్టాడనీ అందరి ముందూ అంది. చిన్నాన్న తన అక్కతో "శుభ్రంగా తుడిసి తెచ్చేనప్పా" అని మాత్రం అన్నాడు. దొంగ చెప్పే మాట ఇంత పేలవంగా ఉంటుందా అని నాకప్పుడే అనిపించింది గానీ, అది సాక్ష్యం కాదు కదా. ఆ తర్వాత ఆయన ఆ గడప తొక్కలేదు. అత్త నర్సు ఉద్యోగం ముగించింది, జుట్టు నెరిసింది. అనుమానం మాత్రం నిగనిగలాడుతూనే ఉండిపోయింది.

మొన్నటి వానాకాలంలో చిన్నాన్నకు గుండె ఆపరేషన్ తప్పదన్నారు. ఆయన కూతురు, నాకు చెల్లెలు, సెమిలిగుడలో టీచరు, నన్ను వెంటబెట్టుకుని జయపురం వెళ్లింది. "అత్తా, ఆపరేషనుకి ముందు ఒక్కసారి నిన్ను సూడాలంటన్నాడు నాన్న," అంది.

అత్త ఆమెకేసి చూడకుండా పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు రాయీ రప్పా పరీచ్చ సేసేవోడివి కదరా. ఇది మా నాన్నదో కాదో సెప్పు. అవునంటే ఆడు రావొచ్చు. కాదంటే నా శవాన్ని సూడ్డానికి కూడా రావొద్దను."

"ఏటత్తా ఆ మాటలు!" అంది చెల్లెలు.

"నువ్వుండమ్మీ. ఆడి నోట్లో మాటలు నువ్వు పెట్టకు."

పరీక్షకు ముందే ఏ ఫలితం రావాలో నాకు కోరిక ఉంది. అటువంటి పరీక్షకుడిని ప్రయోగశాలలోకి రానివ్వకూడదు. కనుక ఆ పూట నా భూతద్దాన్ని కూడా అనుమానించే మొదలుపెట్టాను. కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే, గొట్టం మీద లండన్ పేరు ఉన్న మాట నిజమే. అక్షరాలు లోతు లేకుండా, చివరిది పక్కకు ఒరిగి ఉంది. గుండ్రటి గదుల భాగం మీద, మురికి కింద, కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న ముద్ర కనబడింది. అది లండన్‌ది కాదు. బెల్జియంలోని లియేజ్‌లో తుపాకులను పరీక్షించి కొట్టే ముద్ర. అక్కడ ఒక ఇంట్లో గొట్టం, ఇంకో ఇంట్లో గుర్రం, మరో ఇంట్లో పిడి తయారయ్యేవి. వాటన్నిటినీ కూర్చిన వ్యాపారి అమ్ముడుపోయే పేరేదో చెక్కించేవాడు. మా ఇంటి చరిత్రలోని గొప్ప పనివాడు అలా నా చేతుల్లోనే నలుగురైదుగురు అనామకులుగా విడిపోయాడు.

"అంటే దొంగదే కదా!" అంది అత్త, గెలిచినట్టు.

"దొంగ పేరు పెట్టిన నాటికి చిన్నాన్నే కాదు, తాత కూడా పుట్టలేదత్తా."

"మరి సప్పుడో? దానికేటంటావు?"

అప్పుడు పిస్తోలు పక్కన పెట్టి పెట్టెను చూశాను. గూళ్ల ఆకారాలు ఏ తుపాకీకీ పనికివచ్చేవి కావు. ఒక అడ్డుచెక్కను ఎవరో రంపంతో కోశారు. ఆ కోత కూడా మిగిలిన చెక్కంత నల్లబడింది, అంటే పాతదే. అత్త కళ్లజోడు సర్దుకుని వంగింది. పక్కనున్న వంపుగూడు మీద వేలు పెట్టింది. "ఇది ఎముకలు కోసే రంపం పిడికి కదరా... ఆపరేషను సామాన్ల పెట్టె ఇది." డాక్టరు తన పనిముట్ల పెట్టెనే పిస్తోలుకు ఇల్లు చేశాడన్నమాట. గుడ్డ అంచు జాగ్రత్తగా లేపి చూస్తే, నూనె కింది చెక్క వరకూ ఇంకి ఉంది, అచ్చంగా ఈ పిస్తోలు ఆకారంలోనే. దాని పక్కన రెండో ఆకారం జాడ లేదు. గొట్టం కొసకు ఆవల ఖాళీ జాగాలో మాత్రం గుడ్డ ముదురుపచ్చగా, ఏదో చాలాకాలం కప్పి ఉంచినట్టు ఉంది. ఆ మూల కుట్టులో తెల్లటి పోగులు చిక్కుకున్నాయి. ఒకటి పట్టకారుతో తీసి వెలుతురుకు పెట్టాను.

"దూది," అన్నాను.

అత్త కుర్చీలో వెనక్కి వాలింది. మాతో కాక గోడతో చెప్పినట్టు అంది. "నాన్న నా సేత దూది సుట్టించేవోడు. గట్టిగా సుట్టమ్మీ, గట్టిగా సుట్టు అనేవోడు. ఆస్పత్రికేమో అనుకున్నాను."

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఇదే కొలతలున్న మరో పిస్తోలు ఉండి ఉండే అవకాశాన్ని ఈ ఆధారాలు పూర్తిగా తోసిపుచ్చవని చెప్పాను. చెల్లెలు నన్ను చూసిన చూపును భరించడం కష్టమైంది. అత్త ఆ మాట విననే లేదు. "మీ నాన్నని తీసుకురామ్మీ. మెట్లు తడిగా ఉంటాయి, సెయ్యి పట్టుకుని ఎక్కించు," అంది.

ఆ వారంలోనే చిన్నాన్న వచ్చాడు. మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుని, గుమ్మంలో చెప్పులు విడిచి, కొత్త ఇంటికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. "నిలబడ్డావేట్రా, కూకో," అంది అత్త. కాఫీ ఇచ్చింది. చక్కెర వద్దని డాక్టర్లన్నారంటే, వాళ్లకేం తెలుసని ఇంకో చెంచా వేసింది. ఆయన సగం తాగాక అడిగింది. "పెట్టెలో దూదుండేది కదరా. ఏం సేసేవు?"

"ఏ దూదప్పా?"

అత్త కప్పు కింద పెట్టలేదు. "పిస్తోలు కదలకుండా నాన్న కూరిన దూది."

చిన్నాన్న తన కప్పు పక్కన పెట్టాడు. "నూనె పట్టి నల్లగా ఉంటే పారేసేనేమో. గుర్తు నేదప్పా." ఒక్క "పారేసేను" అంటే తన మీది నింద పోతుందని ఆయనకు తెలుసు. అయినా అనలేదు.

"పారేసే ఉంటావులే. సిన్నప్పట్నుంచీ శుభ్రం పిచ్చోడివి," అంటూ ఆయన కప్పు అందుకుంది అత్త. నా లెక్కలో ఆ జవాబు దేన్నీ రుజువు చేయదు. ఈనాటికీ ఆ ప్రశ్న పక్కన ఖాళీయే ఉంది. కానీ రుజువు వచ్చేదాకా ఎదురుచూసేంత కాలం ఆ ఇద్దరి దగ్గరా మిగలలేదన్న సంగతి నాకంటే ముందు ఆవిడే లెక్కగట్టింది.