గౌలిపుర కేసులో జప్తయిన కుక్క

1998 వానాకాలంలో నేను పాతబస్తీ మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుని. పోలీసులు పెట్టిన కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే ఉద్యోగం. జేబుదొంగలను ఎందరినో చూశాను గానీ, కుక్కను కోర్టుకు తేవడం మాత్రం అప్పుడే చూశాను.

గౌలిపురలో వానకు పాత మిద్దె కూలి, పాలమ్మే యాదమ్మ దాని కింద చిక్కుకుపోయింది. బార్కస్ నుంచి యూసుఫ్ తన కుక్క షేరూతో వచ్చాడు. మనిషి వాసన పట్టడం దానికి తానే నేర్పి, ఎవరు పిలిచినా పైసా తీసుకోకుండా వెళ్లేవాడు. షేరూ ఆ మిద్దె పక్కనున్న కిరాణా గోదాము తలుపు ముందు నిలబడి ఒకటే మొరుగుడు. గోదాము సేటు ఊళ్లో లేడు. యూసుఫ్ తాళం పగలగొట్టాడు. గోదాము వెనక గోడ తవ్వి యాదమ్మను ప్రాణాలతో లాగారు.

ఊరి నుంచి వచ్చిన సేటు ఫిర్యాదు చేశాడు. కొత్త ఎస్సై అక్రమ ప్రవేశం, ఆస్తి నష్టం కింద కేసు కట్టి, నేరానికి వాడిన వస్తువంటూ షేరూను జప్తు చేశాడు! మెడకు కేసు నంబరు చీటీ కూడా కట్టించాడు. హెడ్ కానిస్టేబులు పాపం తన టిఫిన్ డబ్బా దానికే పెట్టేవాడట.

యూసుఫ్ నా గదికొచ్చి, "ఇగ నేను యాడికీ పోను సాబ్. మంచి చేస్తే గిట్లనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వానాకాలం ఇంకా సగం ఉంది. కూలడానికి సిద్ధంగా మిద్దెలు బోలెడున్నాయి. వెతకడానికి మాకు దిక్కు ఆ ఒక్క కుక్కే.

వాయిదా రోజు యాదమ్మ సేటును వరండాలోనే పట్టుకుంది. "ఏంది సేటూ, తాళానికి గింత లొల్లా? నా పానం పోతే మంచిగుండెనా?" సేటు చెడ్డవాడేం కాదు. సిగ్గుపడి రాజీకి వస్తానన్నాడు. ఈ సెక్షన్లలో రాజీకి చట్టం ఒప్పుకుంటుంది. ఎస్సైకి గండం గడిచినట్టయింది.

నేను వద్దన్నాను. రాజీ అంటే యూసుఫ్ తప్పు చేశాడు, సేటు పోనీలే అన్నాడు అనే కదా! రేపు ఇంకో సేటు పోనీలే అనకపోతే?

"నా షేరూ నాకొస్తే చాలు సాబ్, ఫికర్ ఎందుకు?" అని యూసుఫ్ బతిమాలాడు. ముందు షేరూను ఇప్పిస్తానని మాటిచ్చి, కోర్టులో అర్జీ పెట్టించాను.

మేజిస్ట్రేటు షేరూను, ఎస్సైని మార్చి మార్చి చూసి, జప్తు సొత్తు దాచే ముద్దెమాల్ గదిలో దీన్ని ఏ అరలో పెట్టారని అడిగారు. కోర్టంతా గొల్లుమంది. షేరూ ఆ రోజే ఇంటికి పోయింది.

కేసు సంగతి మిగిలింది. పెద్ద ప్రమాదం తప్పించడానికి, దురుద్దేశం లేకుండా చిన్న నష్టం చేస్తే నేరం కాదని శిక్షాస్మృతి ఎనభై ఒకటో సెక్షన్ చెబుతుంది. అదే నా అభిప్రాయంగా రాసిచ్చాను. ఎస్సై మొహం మాడ్చుకునే, నేరమేదీ జరగలేదని తుది నివేదిక వేశాడు. కోర్టు ఆమోదించింది.

ఆ వానల్లోనే మరో గోడ కూలింది. యూసుఫ్ నన్ను అడగలేదు, షేరూను తీసుకుని వెతకడానికి వెళ్లాడు.

ఆదుకోవడానికి వచ్చినవాణ్ని ఫిర్యాదీ క్షమిస్తే అది ఆయన మంచితనం. దాని మీద ఆధారపడి ఎవరూ ఇంకొకరి తలుపు పగలగొట్టలేరు. ఆ పని నేరమే కాదని కోర్టు చేత అనిపించాలి. ప్రాసిక్యూటరుకు కేసు గెలవడం ఎంత పనో, పెట్టకూడని కేసును మూయించడమూ అంతే పని.