రుక్కమ్మ ఇంటి వంతు

ఆ ఏడు మా గుడిలో శ్రమకాల కూడికల జాబితా రాసింది నేనే. రుక్కమ్మ గురించి రాయాలంటే నా తప్పు దగ్గరే మొదలుపెట్టాలి, కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

అది 1999. మాదాపూర్ బండరాళ్ల మధ్య గుండ్రటి అద్దాల టవరు తెరిచి నాలుగు నెలలైంది. దాని చుట్టూ ఇంకో పది కట్టడాలు లేస్తున్నాయి. ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటోంది. నేను బీకాం రెండో ఏడు మధ్యలో వదిలేశాను, అమీర్‌పేటలో కోర్సుకు చేరి రెండు నెలలకు దాన్నీ వదిలేశాను. ఎందుకు వదిలావంటే చెప్పడానికి నా దగ్గర మంచి కారణం లేదు. "చేతిరాతైనా బాగుంది, గుడికైనా పనికిరా" అని మా అమ్మ నన్ను కూకట్‌పల్లి గుడిలో అయ్యగారికి అప్పజెప్పింది. మేం చర్చిని గుడి అనే, పాస్టరును అయ్యగారనే అంటాం.

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా మాకు శ్రమకాలం. కొందరు మాంసం మానేస్తారు, కొందరు ఒక్కపొద్దు ఉంటారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఒక్కో ఇంట్లో కూడిక. పాట, వాక్యం, ధ్యానం కాగితం మీద ఒక ప్రశ్న, దాని గురించి మాటలు, చివర్లో చాయ్. ఆ సాయంత్రం పెద్దరికం ఇంటావిడది. ప్రశ్నకు మొదటి జవాబు ఆమెదే, ముగింపు ప్రార్థన ఎవరు చేయాలో చెప్పేదీ ఆమే.

రుక్కమ్మ పదిహేనేళ్లుగా ఈ కూడికలకు వస్తోంది. ఒక్కసారీ ఆమె వంతు రాలేదు. ఆమెకు ఇల్లు లేదు మరి. కట్టడం నడిచినన్నాళ్లు దాని వెనక రేకుల గుడిసె ఉంటుంది. కట్టడం పూర్తయితే గుడిసె పోతుంది, రుక్కమ్మ ఇంకో కట్టడానికి పోతుంది.

ఆమెది నారాయణఖేడ్ దిక్కు పల్లె. కరువు ఏడాది మొగుడు చంద్రయ్యతో పట్నం వచ్చి, జీడిమెట్లలో ఫ్యాక్టరీల ప్రహరీలకు రాళ్లు మోసింది. తర్వాత కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇటుకలు. కూడికలు జరిగే ఇళ్లలో సగం ఆమె తట్ట మోయగా లేచినవే. ఓసారి రత్నమాల టీచర్ గారింట్లో అందరం కళ్లు మూసుకుని ఉంటే, ఈమె గోడ తడిమి చూస్తోంది.

"టీచరమ్మా, గీ గోడ జర వంకరున్నది. ఆనాడు మేస్త్రి తాగొచ్చిండు."

"ప్రార్థన అయ్యాక చెప్పకూడదా రుక్కమ్మా!" అని టీచర్ గారు కళ్లు తెరవకుండానే కసిరారు. ఆవిడది గుడివాడ వైపు. ఏదైనా మర్యాదగానే కసురుతారు.

ఇప్పుడు రుక్కమ్మ మాదాపూర్‌లో పనిచేస్తోంది, చంద్రయ్య అదే సైటుకు వాచ్‌మన్. శనివారం పని దిగగానే సెవన్ సీటర్ ఆటో ఎక్కి వచ్చి గుడి ఊడ్చి, బెంచీలు తుడిచి వెళుతుంది. ఎవరూ చెయ్యమనలేదు. చంద్రయ్య గుడికి రాడు. రుక్కమ్మను ఆపడు కూడా.

ఆ ఏడు కొత్తగా వచ్చిన అయ్యగారు, ఇల్లంటే గోడలు కాదు, కుటుంబమున్న ప్రతిచోటా కూడిక జరగాలన్నారు. నన్ను జాబితా రాయమన్నారు. నేను పాత జాబితా ముందు పెట్టుకుని, పదకొండు ఇళ్లు అందంగా ఎక్కించాను. పాత దాంట్లో రుక్కమ్మ పేరు లేదు కాబట్టి కొత్తదాంట్లోనూ లేదు. అంతే, మర్చిపోయాను. తల ఎత్తితే ఎదురుగా ఆమె బెంచీల కింద చీపురు దూరుస్తోంది. గబగబా అడుగున ఇరికించాను. పన్నెండో ఇల్లు, మార్చి ముప్పై, మంగళవారం.

భస్మ బుధవారం ఆరాధనలో అయ్యగారు బల్ల ముందు నిలబడి ఆ జాబితా చదివి, "ఈ వరుసను ఏర్పరచినవాడవు నీవే ప్రభువా" అని ప్రార్థించారు. బయటికొచ్చాక రుక్కమ్మ నుదుటి మీద బూడిదతో నా దగ్గరికి వచ్చింది.

"సూసినవా బిడ్డా, దేవుడు నన్ను కడాకర్న పెట్టిండు. గది ప్రభువు సచ్చిన వారం. గంత పెద్ద వారం నా ఇంటికొస్తున్నడు."

నేను "ఆఁ" అన్నాను. ఇంకేమంటాను?

ఆ రోజు నుంచి ఆమె పనంతా ఆ వంతే. చదువు రాదు కాబట్టి, ప్రతి కూడికలోనూ ఇంటావిడ ఏం చెబుతుందో నోరు తెరుచుకుని వినేది. కొత్త చాప కొన్నది. గుడిసె ముందు అలికింది. చాయ్ పెట్టాలా, గుడాలు పెట్టాలా అని గుడిలో ఆడవాళ్లందరినీ అడిగింది. అందరూ చాయ్ అన్నారు. ఆమె గుడాలే పెడతానంది. మా దగ్గర ఉడకబెట్టిన శనగల్ని గుడాలంటారు.

శ్రమకాలం మూడో వారంలో సైటు సూపర్‌వైజర్ రాజేందర్ గుడిసెలన్నీ ఇరవై తారీఖుకు తీసేయాలని చెప్పాడు. అక్కడ పచ్చగడ్డి వేస్తారట. రుక్కమ్మ చేతులు జోడించినప్పుడు నేను అక్కడే ఉన్నాను, ధ్యానం కాగితం చదివి వినిపించడానికి వెళ్లి.

"పది దినాలాగు సారూ. ముప్పై తారీఖు దాటంగనే నేనే పీకేస్త."

"నీ ప్రార్థన కోసం కంపెనీ ఆగుతదానే? సామాను సదురుకో. కోకాపేట దిక్కు పనున్నది, ట్రాక్టర్ పంపుతున్న."

ఇందులో పెద్ద చిక్కేమీ లేదనుకున్నాను. రత్నమాల టీచర్ గారి వంతు మార్చి పదహారున. తారీఖులు మార్చుకుంటే సరి. ఆవిడ వెంటనే, "దానికేముంది బాబూ, మా ఇల్లెక్కడికి పోతుంది? రుక్కమ్మనే ముందు కానివ్వండి" అన్నారు. సంతోషంగా సైటుకు పరిగెత్తాను.

రుక్కమ్మ ఒప్పుకోలేదు.

"గుడిల సదివిన్రు. బల్ల ముంగట సదివింది మార్చుడేంది?"

"గుడిసె లేకుంటే కూడిక ఎక్కడ పెడతావు రుక్కమ్మా?"

"నాకేమెరుక? పెట్టినోనికి ఎరుక. ఆయన ముప్పై తారీఖన్నడు. గా దినమే అయితది."

"కాకపోతే?"

"కాకపోతే నా విశ్వాసం సాల్లేదన్నట్టు."

పెట్టినోడు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నిజం చెబితే వంతు దక్కుతుంది కానీ, దేవుడు తనను ఏరి చివరన పెట్టాడన్న సంతోషం పోతుంది. చెప్పకపోతే సంతోషం మిగులుతుంది, వంతు పోతుంది. పైగా వంతు పోయింది తన విశ్వాసం చాలకే అనుకుంటుంది. ఏది పెద్ద నష్టమో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. ఆ శుక్రవారం ధ్యానం కాగితంలో ప్రశ్న, "నీవు చెప్పని మాట వల్ల ఎవరు నష్టపోతున్నారు?" అని. కాగితాలు జిరాక్స్ తీయించి పంచేది నేనే. ఆ ప్రశ్న చూసి ఒళ్లు మండింది.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. "వరుస రాసింది నేనైతే, దేవుడు ఏర్పరిచాడని మీరెందుకు ప్రార్థించారయ్యా?"

"నీ చేత రాయించింది ఎవరు?"

"మరి నేను మర్చిపోయాను. మర్చిపోయేట్టు చేసింది కూడా ఆయనేనా?"

అయ్యగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ మాట నాకు కాదు, ఆమెకు చెప్పు" అన్నారు. దేవుడి సంగతి మాత్రం తేల్చలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సైటుకు వెళ్లాను. రుక్కమ్మ చేటలో శనగలు ఏరుతోంది. చంద్రయ్య గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకు మెల్లగా చెప్పడం రాదు. "వరుస దేవుడు పెట్టింది కాదు. నేను నీ పేరు మర్చిపోయి, ఆఖర్న ఇరికించాను" అనేశాను.

చంద్రయ్య పెద్దగా నవ్వాడు. "నేన్ సెప్తలేనా? వీని రాత మంచిగుంటది గని తలకాయ లేదు."

రుక్కమ్మ నవ్వలేదు. చేట కింద పెట్టింది.

"నువ్వు గింతున్నప్పటి సంది సూస్తున్న. పదిహేనేండ్ల సంది నువ్వు కూసునే బెంచీ తుడుస్తున్న. నన్ను మర్శినవా?"

"మర్చిపోయాను."

"మరి గా దినం ఆఁ అంటివి?"

"ఎందుకన్నానో తెలియదు."

ఆమె మళ్లీ చేట అందుకుంది. రాయి ఒకటి తీసి అవతల పారేసింది. దేవుడి మాట ఎత్తుతుందేమో, ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూశాను. ఎప్పుడు వెళ్లినా ముందు చెంబుతో నీళ్లిచ్చే మనిషి, ఆ రోజు కూర్చోమని కూడా అనలేదు. నేను రోడ్డు దాకా వచ్చాక వెనక నుంచి కేకేసింది. "గీ మంగళారమే పెట్టుమను!"

మంగళవారం పదిహేడు మంది వచ్చారు. గుడిసెలో ఏడుగురు పట్టారు, మిగతా వాళ్లం ఇసుక కుప్ప మీద కూర్చున్నాం. ఎదురుగా అద్దాల గోడ మీద ఎండ దిగుతోంది. రత్నమాల టీచర్ గారు పట్టుచీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, "చాపకేం, కొత్తదే కదండీ" అంటూ గుడిసెలోనే కూర్చున్నారు. చంద్రయ్య ఖాకీ చొక్కా తొడుక్కుని దూరంగా గేటు దగ్గర నిలబడ్డాడు. పాటైంది, వాక్యమైంది. అయ్యగారు ఆ వారం ప్రశ్న చదివారు. "ఈ దినాల్లో నీవు ఏమి నేర్చుకున్నావు?"

రుక్కమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచింది.

"నేనేం నేర్శినంటే, నాకు సెప్పరాదు. దేవుడు నన్ను పనిగట్టుకొని కడాకర్న పెట్టిండనుకున్న. శాన సంబురపడ్డ. గీ పిలగాడు వచ్చి, కాదు, నేనే మర్శిన అన్నడు. ఇగ నాకు సమజైతలేదు. దేవుడు మర్శిండా, వీడు మర్శిండా? ఇంతమంది నా ఇంటికి వస్తిరి, సంబురమే. గా దినమున్నంత సంబురమైతే లేదు. గంతే."

అందరూ నా వైపు తిరిగారు. మా అమ్మ మొహం చూడలేకపోయాను. ఇక అయిపోయింది కదా అనుకున్నాను.

"ముగింపు ప్రార్థన గీ పిలగాడు చేస్తడు" అంది రుక్కమ్మ.

నేను ప్రార్థన చేసి రెండేళ్లు దాటింది. ఇంటావిడ మాటకు అడ్డు చెప్పకూడదు. లేచాను. అందరూ కళ్లు మూసుకున్నారు. "ప్రభువా" అన్నాను. తర్వాత ఏమనాలి? క్షమించమని అడగాలా? తప్పు చేసింది రుక్కమ్మ విషయంలో కదా, అడగాల్సింది దేవుణ్ణా, ఆమెనా? వరుస పెట్టింది నువ్వేనా అని అడగాలా? ప్రార్థనలో అలా అడగొచ్చా? పక్క సైటులో కాంక్రీటు మిషను తిరుగుతోంది. కళ్లు తెరిచాను.

రుక్కమ్మ ఒక్కతే కళ్లు మూసుకోలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపముందో జాలి ఉందో తెలిసేంత తెలివి నాకు లేదు.

"ఆమెన్ అను, సాలు" అంది. "గుడాలు సల్లారుతున్నయ్."

అన్నాను. అందరూ అన్నారు. ఆమె ఇస్తరాకు దొన్నెల్లో గుడాలు పెట్టి తనే అందరికీ పంచింది. నాకూ ఇచ్చింది. ఉప్పు బాగా ఎక్కువైంది. ఎవరూ ఆ మాట ఎత్తకుండా నీళ్లు తాగుతూ తిన్నారు. గేటు దగ్గర నుంచి చంద్రయ్య ఒక్కడే అరిచాడు. "ఉప్పు రెండుమాట్ల ఏసినవానే?"

"మర్శిన!" అంది రుక్కమ్మ.