కుర్చీలో నిద్ర

ఆదివారం సాయంత్రం మా చెల్లెలు తన గుడ్డబూట్లకు తెల్లరంగు పూసి కిటికీ గట్టుమీద ఆరబెట్టింది. ఒక బూటు పూశాక బ్రష్షు చేత్తో పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది.

"ఏంటే, బూటుతో మాట్లాడుతున్నావా?" అన్నాను.

"ఇదైనా నా మాట వింటుందేమోనని."

ఆ రెండు రోజుల్లో మేము కాస్త మంచిగా మాట్లాడుకున్నది అంతే.

తను నర్సింగ్ చివరి సంవత్సరం. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. నాన్న పోయాక చదివించింది నేనే కాబట్టి తిట్టే హక్కు కూడా నాదేననుకునేవాణ్ణి. ఆ శని, ఆదివారాల్లో ఆ హక్కును కరువుతీరా వాడుకున్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి వార్డు పరీక్ష. ఒక రోగిని అప్పగిస్తారు. పక్క సర్దడం దగ్గర్నుంచి సూది వెయ్యడం దాకా పరీక్షించేవాళ్ళ కళ్ళెదుట చెయ్యాలి. కిందటిసారి నిలబడే కునికిపాట్లు పడి, నాడి లెక్క తప్పి, ఫెయిలయింది. ఈసారీ పోతే సీటే పోతుంది. అందుకని ఆ రెండు రోజులూ తను కంటినిండా నిద్రపోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? జీతమిచ్చి నర్సుల్ని పెట్టుకోవడం దండగనుకుని, చదువు పేరుతో ఈ పిల్లలచేత వరసగా పదమూడు రాత్రులు చాకిరీ చేయించింది ఆ ఆసుపత్రి. మధ్యలో జ్వరమొస్తే తను మాత్ర మింగి డ్యూటీకెళ్ళింది. ఎందుకంటే అక్కడొక రూలుంది. ఒంట్లో బాగాలేదని ఒకరోజు మానేస్తే బదులు రెండురోజులు పనిచెయ్యాలి. ఆ బదులు తీరేదాకా పరీక్షకు పేరు పంపరు. రోగులకు సేవచేసే చోట, చేసేవాళ్ళకు రోగం రాకూడదు. ఈ రూలు రాసిన మహానుభావుడు రాత్రిళ్ళు హాయిగానే నిద్రపోతూ ఉంటాడు.

శనివారం పొద్దున చెల్లెలు ఇంటికొచ్చి స్నానం చేసి పడుకుంది. పావుగంటకే లేచింది. ఇక అక్కణ్ణుంచి కాలుగాలిన పిల్లే. పుస్తకం తెరిచి రెండు పేజీలు తిప్పి మూసేసింది. అమ్మ అల్మారాలోని డబ్బాలన్నీ కిందికి దించి, సగం సర్ది, సగం నేలమీదే వదిలేసింది. మేడమీదికి బయలుదేరి నాలుగు మెట్లెక్కి అక్కడే చతికిలబడింది. ఫోనులో ఎవరో అగ్గిపుల్లలతో బొమ్మరిల్లు కడుతుంటే గంటసేపు చూసింది.

"పడుకోవే తల్లీ. పడుకుంటే అదే వస్తుంది," అంది అమ్మ.

"పడుకుంటేనే రావట్లేదమ్మా. కూర్చుంటే వస్తోంది."

"కుర్చీలో నిద్ర ఆఫీసరమ్మలకే కదా," అన్నాను నేను.

"మా మేట్రన్‌ని చూసి నేర్చుకున్నాలే. ఆవిడ నడుస్తూ కూడా నిద్రపోతుంది," అంది. నవ్వబోయి దగ్గింది. "రోగుల్ని నిద్రపుచ్చీ పుచ్చీ నా వాటా అయిపోయినట్టుంది అన్నయ్యా."

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. చేతిలోంచి ఫోను లాక్కున్నాను. "నీ నిద్ర తినేది ఇదే. సోమవారం దాకా నా దగ్గరుంటుంది."

గొడవపడుతుందనుకున్నాను. చిన్నప్పటినుంచీ నా చేతిలో ఏదీ ఉండనిచ్చేది కాదు, కొరికైనా లాక్కునేది. ఆరోజు చెయ్యి సగం చాపి దించేసింది. "ఉంచుకో," అంది. నా మాటకు విలువ పెరిగిందని మురిసిపోయాను. అంత వెధవని.

ఆదివారం మధ్యాహ్నం ఇంకా తెలివైన పని చేశాను. గదిలో కిటికీలు మూసి, కుర్చీ బయటికి తెచ్చి, పడుకోమని చెప్పి బయట గడియ పెట్టాను.

"ఒరే, ఉక్కపోతగా ఉంటుందిరా," అంది అమ్మ.

"నువ్వు గారాబం చెయ్యబట్టే ఇలా తయారైంది."

గంటన్నర చడీచప్పుడూ లేదు. ఎంత సంతోషించానో చెప్పలేను. గడియ తీసేసరికి తను నేలమీద, మంచం కోడుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. మొహమంతా చెమట.

"పడుకున్నావా?"

"ఆ, బాగా పట్టింది. ఆ కుర్చీ ఇచ్చెయ్యి, చదువుకుంటా."

ఇచ్చాను. ఆ కుర్చీలోనే బూట్లకు రంగు పూసుకుంది. సోమవారం ఆరింటికి లేపడానికి వెళ్ళిన అమ్మకు ఆ కుర్చీలోనే దొరికింది. టేబుల్‌మీద చేతులు, చేతులమీద తల. నిద్రపోతోందనుకుని అమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చేసిందట. ఇంకో పావుగంట పడుకోనిద్దామని.

జ్వరం గుండెకు పట్టిందన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. అలాంటివాళ్ళకు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదట, లేచి కూర్చుంటే ఆడుతుందట. ఈ సంగతి వాళ్ళ పాఠంలో ఉంది. ఆ పేజీలో తను ఎర్రసిరాతో గీత కూడా గీసుకుంది. ఎంతమంది వీపుల వెనక దిండ్లు పేర్చి ఉంటుంది తను! మరి తన సంగతి తనకు తెలియలేదా? ఇదే ప్రశ్న తన స్నేహితురాళ్ళను గద్దించి అడిగాను. వాళ్ళలో ఒకమ్మాయి తన కాళ్ళు చూపించింది. వాచి ఉన్నాయి. "మా అందరికీ ఆయాసమే అన్నయ్యా. అందరికీ ఉన్నదాన్ని రోగమని ఎవరనుకుంటారు?" అంది.

చెల్లెలు పోయిన పదిహేనో రోజున సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి ఆ ఆసుపత్రికి వెళ్ళాను. గుమాస్తా నా చేత మూడుచోట్ల సంతకం పెట్టించాడు. ఒక కాగితంలో 'చదువు మానివేయుటకు కారణం' అని గడి ఉంది. ఖాళీగా వదలకూడదన్నాడు. అతని మీద అరిచాను. పాపం అతనేం చేస్తాడు, అయినా అరిచాను.

నా కేకలకు ఎదురుగదిలోంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. రెండువారాలు సెలవులో ఉండి ఆ రోజే వచ్చాడట, సంగతి ఇంకా తెలీదు. కాగితం మీద చెల్లెలి పేరు చూసి నావైపు తిరిగాడు.

"మీరేనా ఆ అమ్మాయి అన్నయ్య? ఎలా ఉంది మీకిప్పుడు?"

"నాకేంటి?" అన్నాను.

"అదేనండీ, పడుకుంటే ఊపిరాడట్లేదనీ, నాలుగు మెట్లెక్కితే ఆయాసమనీ నేను సెలవు పెట్టే ముందు శుక్రవారం చెప్పింది కదా. మా అన్నయ్యకి సార్, అని. నాకు భయమేసి, వెంటనే తీసుకురమ్మన్నాను. ఒప్పుకోలేదు. సోమవారం పరీక్షుంది సార్, అది కాగానే తీసుకొస్తానంది." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగాడు. "ఇంతకీ మీరు ఏం పరీక్ష రాస్తున్నారండీ?"