డీజే పాటలోకి పోయిన నా అరుపు

నంద్యాల బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కి రైసు మిల్లుకు పోతున్న ఒక ఉదయం నా గొంతు నాకే వినపడింది. నేను నోరు తెరవలేదు. టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వెనక బిగించిన స్పీకర్లలో డప్పు మోగుతోంది. ఉన్నట్టుండి డప్పు ఆగింది. "ఎవరింటి ముందర వాయిస్తాండారో తెలుసా మీకు? ఆపండి" అన్నాను నేను, ఆ స్పీకర్లలో నుంచి. ఆ వెంటనే నా మాట ముక్కలయింది. ఆపండి, ఆపండి, ఆప్, ఆప్, ఆప్ అంటూ ఆ ముక్కలు ఒకదాన్నొకటి తరుముకుని పోయి, చివర రొమ్ము మీద గుద్దినట్టు డప్పు మళ్ళీ పడింది. వెనక కూర్చున్న కాలేజీ పిల్లలు నా మాటను నాకంటే బాగా అప్పజెప్పారు.

"ఏం పాటప్పా ఇది?" అని డ్రైవర్ని అడిగాను.

"పెద్దాయన డీజే సార్. తెలీదా? పెండ్లిండ్లల్లో ఇప్పుడు ఇదే."

"ఎవురు ఆ పెద్దాయన?"

"ఎవురో ముసిలాయన, ఆళ్ళగడ్డ తట్టు. సొంతిల్లు లేదంట గానీ ఇంటి ముందర వాయించొద్దంటాడంట."

పిల్లలు నవ్వారు. మిల్లు ఇంకా దూరముండగానే దిగి నడిచాను.

సొంతిల్లు లేదన్న మాట నిజం. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లెలో మాకు ఉన్న ఇల్లు మా నాయన కాలంలోనే పోయింది. ఇప్పుడు అందులో ఎరువుల బస్తాలు పెట్టుకుంటున్నారు. పొలం అంతకు ముందే పోయింది. మా అన్న ఆళ్ళగడ్డలో రోడ్డు వార రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకున్నాడు. నేను నంద్యాలకు వచ్చి మిల్లులో ధాన్యం దించుకునే చోట పెత్తనం చూస్తున్నాను. ఉద్యోగమే చేస్తున్నాను గానీ, యజమానితోనైనా నిలబడి మాట్లాడను. కుర్చీ వేయిస్తే కూర్చుని మాట్లాడతాను, లేకపోతే తరువాత వస్తానంటాను. వాళ్ళకూ అది అలవాటయింది.

మా వంశానికి ఒక్కటి మాత్రం మిగిలింది. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు, గట్టు తగాదా వచ్చినప్పుడు, ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు మొన్నమొన్నటిదాకా నాకు కబురు పెట్టేవాళ్ళు. నేను పోయి మధ్యలో కూర్చుంటే మాట బయటికి పోదని, ఒక పక్కకు ఒరగదని నమ్మకం. దుడ్లిస్తే తీసుకునేవాణ్ణి కాదు. బస్సు చార్జీ కూడా నాదే.

ఆ అరుపు సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది వినాయక నిమజ్జనం రోజున నేను ఆళ్ళగడ్డలో మా అన్న ఇంట్లో ఉన్నాను. ఆయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టి చాలా రోజులైంది. కిటికీ పక్కన మంచం. మధ్యాహ్నం దాటాక డీజే బండి వచ్చి సరిగ్గా ఆ ఇంటి ముందర ఆగింది. లారీ నిండా నిలువెత్తు స్పీకరు పెట్టెలు. ఒక్కో దెబ్బకు తలుపు గొళ్ళెం దానంతటది కొట్టుకుంది. మంచం పక్క స్టూలు మీది మందు సీసాలు అంచుకు జరిగాయి. నేను పంచె సర్దుకుని బయటికి వచ్చి గడప మీద నిలబడి ఆ మాటలన్నాను. కుర్రాళ్ళు సెల్లులు నా వైపు తిప్పారు. అయినా ఆపేశారు. బండి చప్పుడు లేకుండా వీధి దాటి పోయింది. ఆ మీదట ఆ ఇంటి ముందర ఏ బండీ వాయించలేదని వింటే, ఇంటి పేరుకు ఇంకా విలువ ఉందనుకున్నాను. ఆ చలికాలంలోనే మా అన్న పోయాడు.

ఆటోలో పాట విన్న సాయంత్రం నా భార్యను అడిగాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"నెలనాళ్ళ నుంచి ఉండాది ఆ పాట. ఎదురింటామె నాకు సెల్లులో చూపిచ్చింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు? బస్సెక్కి కొట్లాటకు పోతావు. బియ్యంలో రాళ్ళు ఏరేదానికి మనిషి ఉండడు."

కొట్లాటకు పోయేవాణ్ణి కాదు, అంతకంటే పెద్ద దెబ్బ తగిలి ఉండకపోతే. ఆ వారంలోనే రుద్రవరం తట్టు ఒక పల్లెలో అన్నదమ్ముల పంపకానికి పిలిచారు. బోరు ఎవరి భాగంలోకి వస్తుందని మాటా మాటా పెరిగి తమ్ముడు లేచి నిలబడ్డాడు. నేను చెయ్యి చూపించి, "ఆపండి" అన్నాను. ఎన్నో ఏళ్ళుగా అదే మాట, అదే గొంతు. ఒక్క క్షణం అందరూ ఆగారు. అంతలో అరుగు చివర కూర్చున్న ఎవరో నోటితోనే డప్పు దెబ్బ వేశాడు. ముందు ఆడవాళ్ళు నవ్వారు. తరువాత పోట్లాడుకుంటున్న అన్నదమ్ములిద్దరూ నవ్వారు. నేను లేచి వచ్చేశాను. వెనక ఎవరో, "ఊరికే అన్యాడులేప్పా, కూర్చో పెద్దాయనా" అంటున్నారు. ఆ పిలుపు మర్యాదకు పిలిచిందో పాటలోదో నాకు తెలియలేదు. ఆ తరువాత పంచాయితీకి ఎవరూ కబురు పెట్టలేదు.

అందుకని ఆళ్ళగడ్డకు పోయాను. ఆ పాట చేసినతని దుకాణం మెయిన్ రోడ్డు మీదే ఉంది. ముప్ఫై దాటిన మనిషి. వాళ్ళ నాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఇతను ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు డీజే. నన్ను చూడగానే లేచి, నేను అడగకముందే కుర్చీ తుడిచి వేశాడు.

"వస్తారనుకుంటానే ఉండా" అన్నాడు.

"నా గొంతు నన్ను అడక్కుండా తీసుకునేదానికి నువ్వెవరు?"

అతను తల వంచుకున్నాడు గానీ భయపడలేదు. కంప్యూటరు నా వైపు తిప్పాడు. తెర మీద గళ్ళు, గళ్ళల్లో రంగురంగుల ముక్కలు. ఒక్కో ముక్క నొక్కి వినిపించాడు. డప్పు ప్యాపిలి దగ్గరి ఒక వాయిద్య బృందానిదట, జాతరలో సెల్లుతో పట్టుకున్నాడు. కోత కోస్తున్నట్టు గీపెట్టే శబ్దం బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే మిషన్‌ది. మధ్యలో వచ్చే ఈల నందికొట్కూరు బస్సు కండక్టరుది. ఇట్లా పట్టుకొచ్చిన ముక్కను శాంపిల్ అంటారని చెప్పాడు. ఆ వరసలో పచ్చరంగు గీతగా నేనున్నాను. వేలెడంత కూడా లేను.

"వీళ్ళెవరినైనా అడిగినావా?"

"లేదు."

"ఇదేం పద్ధతి?"

"పద్ధతి కాదు పెద్దాయనా. కానీ అబద్ధమెందుకు చెప్పల్ల, మీ గొంతు వచ్చినప్పుడు వేలమంది గమ్మునైపోతారు. ఆపమంటే ఈ దినాల్లో యాడ ఆగుతారు జనాలు? నా పాటలో ఆగుతాండారు."

నేను వినడానికి రాలేదు, తీయించడానికి వచ్చాను. ఆ మాటే చెప్పాను. తను తీసేస్తానన్నాడు. చుట్టుపక్కల బండ్లవాళ్ళందరూ తన దగ్గరే పాటలు తీసుకుంటారనీ, వద్దంటే వాళ్ళూ మానేస్తారనీ, నాలుగు నెలల్లో జనం మరిచిపోతారనీ చెప్పాడు. సరేనన్నాను. లేవబోతుంటే అన్నాడు:

"అయితే ఒక్క మాట. ముందర మీ వదినమ్మను అడిగి రాండి. ఆయమ్మ వేరే తీరుగా చెప్పిపోయింది. ఆదివారం పెండ్లి ఊరేగింపు ఆయమ్మ ఇంటి వీధి మీదనే పోతాది. ఆ లోపల మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చండి."

అన్న పోయాక కూడా ఆ రెండు గదుల్లోనే ఉంటున్న మా వదిన, ఇల్లు కదిలి ఎవరింటికీ పోయే మనిషి కాదు. ఆమె డీజే దుకాణం మెట్లెక్కిందంటే నమ్మలేకపోయాను. ఎండలో నడిచి వెళ్ళేసరికి ఆమె జొన్నరొట్టె చేస్తోంది. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. విషయం అడిగాను.

"పోయినా. నేనే పోయినా" అంది. లోపలికి వెళ్ళి సెల్లు తెచ్చింది. "నీ అరుపు ఇనబుద్ధయి కాదులే. నీ అరుపు నలభై ఏండ్లుగా ఇంటాండా. ఇదో, చెవి దగ్గర పెట్టుకో. నీ మాట ఇనొద్దు. దాని ఎనక ఇను."

పెట్టుకున్నాను. నా అరుపే వినపడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ నా అరుపే. మూడోసారి ఆమె తన చేత్తోనే సెల్లును నా చెవికి అదిమింది. "ఆపండి" అన్న నా మాటకూ ముక్కలు మొదలవడానికీ మధ్య, చాలా లోపల, గోడ అవతల నుంచి వచ్చినట్టు ఒక మాట ఉంది. నాలుక మడత పడిన మాట. "పోనీరా, చిన్నోడా."

ఇంటికి చిన్నవాణ్ణని నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి మా అన్న ఒక్కడే. ఆయన మాట పట్టిన రికార్డు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. పెళ్ళిళ్ళ వీడియోల్లో కనపడతాడు గానీ అంతా పాటలే. నేను సెల్లు దించలేకపోయాను.

"నాకు వినపడలేదు వదినా ఆ రోజు."

"యాడ ఇనపడుతాది? నువ్వు అరుస్తాంటివి గదా."

లోపల నుంచి రొట్టె మాడిన వాసన వచ్చింది. ఆమె లేచి పెనం దించి మళ్ళీ వచ్చింది.

"ఆయనకు ఆ వాయిద్యం అంటే పాణం. మంచాన పడినాక చూసేదానికి ఆ కిటికీ ఒక్కటే. ఊర్లో ఏ ఊరేగింపైనా దీని ముందరనే పోయేది. నువ్వు అరిచినాక ఒక్కడూ వాయించలే. ఈ ఇల్లొస్తే ఆపేది, దాటినాక మొదలుపెట్టేది. ఆయన తల ఎత్తుకోని చూస్తాండేవాడు, బండి మూగదాని మాదిరి పోతాండేది."

"ఆయన జబ్బు మనిషని నేను..."

"నీకు ఆయన గుర్తుంటే ఆయనకు బాగలేదని చెప్పుంటావు వాళ్ళకు. ఎవరిల్లో తెలుసా అన్యావు."

ఆ మాటకు జవాబు చెప్పగలను. ఇంటికి పెద్ద ఉన్న చోట, మంచం మీద మనిషి ఉన్న చోట, చెప్పకుండానే ఆపాలి. నేను ఆపమనడం తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆయన వద్దన్నాడు. నేను ఆయన ఇంటి గడప మీద నిలబడి, ఆయన వద్దన్న పని, ఆయన పేరు మీదే చేశాను.

ఆమె దుకాణానికి వెళ్ళి అడిగింది ఇదీ: ఆ మాట పెద్దది చేసి అందరికీ వినపడేటట్టు పెట్టమని. నా గొంతు తీసేసి ఆయనది ఒక్కటే ఉంచుకోవచ్చు గదా అన్నాను.

"ఒక్కటే పెడితే ఎవరితో అన్నట్టు? గోడతోనా? నువ్వు అరిస్తేనే గదా ఆయన పోనీమనింది."

"అది పెడితే ఆ పెద్దాయన ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇప్పటికైతే కొందరికే తెలుసు. ఇంకెవరూ నన్ను పిలవరు వదినా. ఆ ఒక్క పేరే మిగిలింది మనకు."

"ఆయనకూ అదే పేరు గదా ఉన్నింది" అంది. రొట్టె పెట్టింది, తిన్నాను.

తిరిగి దుకాణానికి వచ్చేసరికి అతను ఒక్కడే ఉన్నాడు. కంప్యూటరు ఇప్పుడు గొంతులు విడదీస్తుందనీ, పూర్తిగా కాదు గానీ చాలావరకు వచ్చిందనీ చెప్పి, హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు. అసలు వీడియో ఎవరి దగ్గరా లేదట. ఎవరో స్టేటస్ పెడితే అందులో నుంచి కోసుకున్న ముక్కే మిగిలింది.

ముందు గాలి శబ్దం వచ్చింది. నా అరుపు దూరంగా, బావిలో నుంచి వచ్చినట్టు ఉంది. దాని మీద మా అన్న ఊపిరి పీల్చుకోవడం వినపడింది. "ఒరే" అన్నాడు. మళ్ళీ పీల్చుకున్నాడు. "ఒరే" అన్నాడు. ఆ రెండూ వదిన చెప్పలేదు, ఆమెకూ వినపడి ఉండవు. అన్ని రోజులుగా మాట కూడదీసుకోవడానికే కష్టపడే మనిషి, నన్ను రెండుసార్లు పిలిచి, అందక, అప్పుడు అన్నాడు పోనీరా చిన్నోడా అని. తరువాత ఇంకో మాట మొదలయింది. "వాయిం" అన్నాడు. ముక్క అక్కడికి తెగిపోయింది.

అతను నా వైపు చూస్తున్నాడు. నాకు కోపం వచ్చిందనుకున్నాడు కాబోలు. "తీసేస్తాలే పెద్దాయనా, బాధపడొద్దు" అని మౌస్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. అంత గట్టిగా పట్టుకున్నానని అతను మణికట్టు చూసుకున్నప్పుడు తెలిసింది.

ఆదివారం ఆ ఇంటి ముందర మా అన్న మాట పెద్దది చేసి వేయమని చెప్పి బస్సెక్కాను. నా గొంతు తగ్గించమని మాత్రం అడగలేదు.