హెప్సిబా మేడం పలకరింపు

బెజవాడలో మనిషి ఎదురుపడితే "భోజనం అయిందాండీ?" అని అడగడం మర్యాద. మా డాక్టర్ హెప్సిబా గారు మాత్రం "ఒంటికి వెళ్లొచ్చారా?" అని అడుగుతారు. అదీ గొంతు తగ్గించకుండా.

ఆరేళ్ల కిందట ల్యాబులో ఉద్యోగానికి వెళితే నన్నడిగిన మొదటి ప్రశ్న అదే. అదేదో గుండె ధైర్యానికి పరీక్ష అనుకుని, "లేదు మేడం, ఆపుకోగలను," అని ఛాతీ విరిచాను.

"ఆపుకునేవాళ్లు నాకక్కర్లేదు. వెళ్లి రండి."

వెళ్లొచ్చాకే ఉద్యోగమిచ్చారు.

నా పెళ్లికి గుణదల నుంచి వచ్చి, అక్షింతలు వేస్తూ నన్నూ సింధూరినీ అదే అడిగారు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. "మీరూ పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నారు కదండీ," అన్నారు ఆయనతో. ఆయన నావైపు చూసి, "అయిదు నిమిషాలు బాబూ," అని లేచాడు.

ఆవిడ పనే అలాంటిది. ఎమ్మారై తీసేటప్పుడు జబ్బున్న చోటు స్పష్టంగా కనబడాలని నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. ఇప్పుడు వాడే మందులు చాలావరకు మూత్రంలోనే బయటికి పోవాలి. అందుకే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఎక్కించాలంటే డాక్టర్లు వెనకాడతారు. వాళ్లకూ పనికొచ్చేలా, కాలేయం ద్వారా బయటికి పోయే మందు మాంగనీసుతో తయారుచేయాలని మేడం పదకొండేళ్లుగా పట్టుబట్టి కూర్చున్నారు. ఎలుకలయ్యాయి, కుందేళ్లయ్యాయి. కిందటేడు అనుమతులొచ్చి వ్యవహారం మనుషుల దాకా వచ్చింది. ముందు ఆరోగ్యవంతుల మీద చూడాలి.

"కుందేళ్లే నయం కిరీటీ," అనేవారు. "మొహమాటపడవు."

అప్పుడే ఢిల్లీ నుంచి కమిటీ దిగింది. ఈ పరిశోధన సాగాలో ఆగాలో వాళ్లే తేల్చాలి. ఆ రోజు మందు తీసుకోవలసిన మాణిక్యమ్మ గారు మైలవరం నుంచి వచ్చి బల్ల మీద బుద్ధిగా కూర్చుంది. వారం కిందటి పరీక్షలన్నీ బాగున్నాయి. సూది కూడా పెట్టేశాం.

మేడం తిన్నగా కమిటీ పెద్ద తిరుపతిరావు గారి దగ్గరికెళ్లారు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఒంటికి వెళ్లొచ్చారాండీ?"

సూటు వేసుకున్న ఆ పెద్దమనిషి ఎర్రబడి, "లేదండీ. విమానం దిగిన దగ్గర్నుంచీ అడగడానికి మొహమాటం," అన్నాడు. దారి చూపించాను.

తర్వాత మిగతా కమిటీని, నర్సుని, నన్ను అడిగి, చివరికి మాణిక్యమ్మ గారి దగ్గరికొచ్చారు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"అంత పెద్దాయనే చెప్పాక నాకేం సిగ్గమ్మా! నిన్నట్నుంచీ సరిగ్గా రావట్లేదు."

"ఏమన్నా మందులేసుకున్నారా?"

"మందులేం లేవు. మోకాళ్ల నొప్పులకి బిళ్లలు తెచ్చుకున్నా, పూటకి రెండు. బిళ్లల్ని కూడా మందులంటారా?"

మేడం మొహం మారిపోయింది. "కిరీటీ, మందు పక్కన పెట్టు. ఇవాళ స్కాను లేదు."

"మేడం, కమిటీ..." అని గొణిగాను.

"కమిటీ కిడ్నీలు బాగానే ఉన్నాయి. చక్రాల కుర్చీ తీసుకురా."

రక్తపరీక్షలో తేలింది. ఆ బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తున్నాయి. ఇంకో నాలుగు రోజులు మింగితే డయాలసిస్ దాకా వెళ్లేదన్నారు డాక్టర్లు.

సాయంత్రం తిరుపతిరావు గారు మేడంని అడిగారు. "ఆవిణ్ణొక్కదాన్నే పక్కకు పిలిచి అడగొచ్చు కదండీ. మమ్మల్నందర్నీ ఎందుకు?"

"పక్కకు పిలిస్తే మన ఆడవాళ్లు చెప్పరండీ. తప్పు చేసి దొరికినట్టు ముడుచుకుపోతారు. అందుకే ఎదురైనవాళ్లనల్లా అడుగుతా. సూటు వేసుకున్నవాళ్లను ఇంకాస్త గట్టిగా అడుగుతా."

ఆరేళ్లుగా నేను సిగ్గుతో తల దించుకున్న ప్రశ్నకి ఆయన లేచి దణ్ణం పెట్టారు. ఆ క్షణంలో నా తల సీలింగుకు తగిలిందేమో చూసుకోలేదు. పరిశోధన సాగించమని నెలలోపే ఉత్తరం వచ్చింది. వేరే మనిషికి ఆ మందు ఎక్కించి తీసిన మొదటి బొమ్మలో కాలేయం తెల్లగా వెలిగిపోతుంటే, మేడం అయిదు నిమిషాలు ఎవరినీ ఏమీ అడగలేదు.

మాణిక్యమ్మ గారికి పూర్తిగా నయమైంది. మొన్న చూపించుకోవడానికి వచ్చి, వరండాలో కూర్చున్నవాళ్లకు చెబుతోంది: "ఢిల్లీ వాళ్లని ఆ రోజు స్కాను చూడనివ్వకుండా ఎనక్కి పంపింది నేనే. మందు గురించి మేడం గారికి తెలిసిందానికన్నా నాకు తెలిసింది కాస్త ఎక్కువ."

గుమ్మంలో నిలబడి మేడం అంతా విన్నారు. "నిజమేనండీ," అని వాళ్లతో చెప్పి, ఆవిడకి తన కుర్చీ వేయించారు.