తలుపు బయట కూర్చోబెట్టిన మనిషి

మొన్న మాచర్లలో మానసిక వైద్యం చేస్తున్న మా మేనకోడలి దగ్గర ఒక పూట కూర్చున్నాను. పత్తి చేల పనికి వెళ్ళే ఒక ఇల్లాలు లోపలికి వస్తూనే, నాకు డిప్రెషన్ అనుకుంటానమ్మా, ఫోనులో చూశాను అంది. ఆ మాటతో నేను నరసరావుపేట ఆసుపత్రిలో మనస్తత్వ నిపుణురాలిగా కొత్తగా చేరిన రోజులు గుర్తుకొచ్చాయి.

కాకినాడలో పెరిగి, హైదరాబాదులో చదివి, పుస్తకాల్లో రాసినట్టే మనుషులుంటారని నమ్మే వయసు నాది. ఒకనాడు వెల్దుర్తి వైపు నుంచి ఒకామెను తోడికోడలు వెంటబెట్టుకొచ్చింది. రెండేళ్ళ కూతురు చేలో నీటిగుంటలో పడి చనిపోయిన దగ్గర్నుంచి ఆమె గుండెల్లో మంట అంటుంది తప్ప మరో మాట లేదు, సరిగా తిండీ లేదు. ఏ మందుకూ తగ్గక డాక్టరుగారు నా దగ్గరకు పంపారు. నేను నేర్చుకున్న ప్రకారం తోడికోడలిని బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, ఎదురు కుర్చీలోంచి సూటిగా చూస్తూ, మీకు ఏమనిపిస్తోందో చెప్పండి అని ఎంతో మర్యాదగా అడిగాను. ఆమె బెదిరి లేచి నిలబడింది. మూడు వారాలూ అంతే. సహకరించడం లేదని రాసుకున్నాను. నాలుగో వారం తోడికోడలు ఒక్కతే వచ్చి, ప్రాణం తీసుకోబోతుంటే పట్టుకుని ఆపామని చెప్పింది.

తను తిరిగి వెళ్ళే బస్సులోనే నేనూ వాళ్ళ ఊరు వెళ్ళాను. కల్లంలో ఆడవాళ్ళు ఎండు మిరపకాయల్లోంచి రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతూ, ఆమెను ఒంటరిగా వదలకుండా తమ మధ్యనే కూర్చోబెట్టుకున్నారు. నేనూ పక్కన చేరి, ఏరడం చేతకాక మంచివీ తాలూ కలిపేస్తుంటే, ఆమె నా చేతిలో కాయ తీసుకుని తేడా చూపించింది. చాలాసేపటికి, కాయల మీద నుంచి చూపు ఎత్తకుండానే పెదవి విప్పింది.

"తలుపేసి ఎదురుగా కూచోబెట్టి అడిగితే ఠేసను లాగే ఉందమ్మా. బిడ్డ పోయిన్నాడు ఎస్సై అట్టాగే అడిగాడు, నువ్వు అప్పుడు యాడున్నావని."

తనే, ఆ పూట కలుపు తీస్తూ బిడ్డ కోసం వెనక్కి తిరిగి చూడలేదని చెప్పింది. అప్పుడు అవతలి పక్కనున్న తోడికోడలు చేతిలో పని ఆపింది.

"నేనూ ఆడే ఉన్నాను గదే. నేనూ చూళ్ళేదు."

ఆమె తోడికోడలి ఒళ్ళో తలపెట్టి, బిడ్డ పోయాక మొదటిసారి ఏడ్చింది. నేను అంత చదువు చదివి అందించలేని మాట, నేను తలుపు బయట కూర్చోబెట్టిన మనిషి దగ్గర ఉంది.

ఆ తరువాత ఇద్దరినీ కలిపే రమ్మన్నాను. బల్లా కుర్చీలూ తీయించి చాప వేశాను, మీరు అని పిలవడం మానేశాను. ఆమె నన్ను అక్కా అని పిలవడానికి నాలుగు నెలలు, కడుపునిండా అన్నం తినడానికి ఏడాది పట్టింది. మంట పూర్తిగా పోయిందని మాత్రం ఏనాడూ అనలేదు.

మా రోజుల్లో మనసు బాధకు పేరు లేదు. ఇప్పుడు ఆ పేరు పల్లెల్లో కూడా తెలుసు, చెప్పుకోవడానికి సిగ్గు తగ్గింది, సంతోషమే. కానీ వచ్చేవాళ్ళు చాలామంది ఇంట్లో చెప్పకుండా ఒంటరిగా వస్తున్నారని మేనకోడలు అంటోంది. లోపలికి పిలుద్దామన్నా, గది బయట బెంచీ మీద వాళ్ళ మనిషంటూ ఎవరూ ఉండడం లేదు.