కూలర్ లేని రీడింగులు

మా చంద్రపూర్‌లో ఎండాకాలం చుట్టం గడప దాటితే, మంచినీళ్ల కంటే ముందు అందేది కూలర్ గాలి. ఇంటాయన లేచి, నీళ్లు కారుతున్న ఆ రేకు డబ్బాను రెండు చేతులా పట్టుకుని దాని మొహం చుట్టం వైపు తిప్పుతాడు. పిల్లలు మూలుగుతారు, ముసలమ్మ సణుగుతుంది. అయినా సరే, చుట్టం లేచి వెళ్లేదాకా ఆ గాలి చుట్టానిదే. ఈ మర్యాద నా పీహెచ్‌డీని ఏం చేసిందో చెబితే నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

అన్నీ విడిపోతున్న రోజులవి. నది అవతల తెలంగాణ వస్తుందా రాదా అని మా ఇంట్లో టీవీ ముందు రోజూ పంచాయితీ. బొగ్గుగనిలో పనికని మంచిర్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మా నాన్న, వార్తలు చూస్తూ అన్నం చల్లార్చుకునేవాడు. ఇవతల మరాఠీ రాష్ట్రంలో మా కాలేజీలను పాత యూనివర్సిటీ నుంచి విడదీసి కొత్తదాంట్లో కలిపారు. రాష్ట్రం సంగతి నాన్న చూసుకున్నాడు గానీ, యూనివర్సిటీ సంగతి నా మెడకు చుట్టుకుంది. పాతదాంట్లో పేరున్న వాళ్లు ఆ మే నెలాఖరులోగా థీసిస్ ఇచ్చేయాలి. లేదంటే కొత్తదాంట్లో మళ్లీ మొదటికి.

నాకు జరిగేది ఆలస్యం మాత్రమే. నష్టమంతా మా సర్‌ది. ఆయన రాజురా పక్కన తరతరాలుగా పత్తి పండించే తెలుగు ఇంటి మనిషి. ఇంట్లో తెలుగు, క్లాసులో మరాఠీ, కోపమొస్తే హిందీ. ఉద్యోగమంతా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడంతోనే సరిపోయింది, గైడ్‌గా గుర్తింపు చివర్లో ఎప్పుడో వచ్చింది. ఆయన కింద పరిశోధన చేస్తున్నది నేనొక్కదాన్నే. జూన్‌లో ఆయన రిటైర్‌మెంట్. రిటైరైన వాళ్లను కొత్త యూనివర్సిటీ గైడ్‌గా ఒప్పుకోదు. అంటే మే దాటిందా, గైడ్‌గా ఆయన పేరుతో లోకంలో ఒక్క థీసిస్ కూడా ఉండదు. ఆయన భార్య అప్పటికే నన్ను ఆపి, అట్ట ఏ రంగులో వస్తుంది, పేరు బంగారు అక్షరాల్లో వేస్తారా అని అడుగుతుండేది.

ఇక మా పని. భయపడకండి, బిళ్లల వ్యాపారమే. ఇనుము, జింకు కలిసిన ఆక్సైడ్ పొడిని బిళ్లలుగా నొక్కి, కాల్చి, వాటిలో కరెంటు ఎలా నడుస్తుందో చూస్తాం. ఇలాంటి పదార్థంలో ఎలక్ట్రాన్ ముందుకు పోవాలంటే ఒక గట్టు ఎక్కి దూకాలి. ఆ గట్టు ఎత్తెంత అన్నదే మా యావ. బిళ్లను మెల్లగా వేడిచేస్తూ, దాని నిరోధం ఎంత చురుగ్గా పడిపోతుందో కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. అది నా వంతు. బిళ్ల మొహం కూడా చూడకుండా, లోపల పరమాణువులు ఎలా పేర్చి ఉన్నాయో చెప్పి కంప్యూటర్ చేత ఎత్తు లెక్క కట్టించడం ఇంకో దారి. అది మా డిపార్టుమెంటులో కొత్తగా చేరిన లెక్చరర్ వంతు. కోర్పనా వైపు తెలుగువాడు, నన్ను అక్కా అనేవాడు. నేనూ తమ్ముడూ అనే పిలిచేదాన్ని.

ఆ వేసవిలోనే మా ల్యాబుకు కొత్త మిషన్ వచ్చింది, నిరోధం కొలిచేది. కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి బల్ల మీద కూర్చోబెట్టాం. ఎండకు పాడైపోతుందేమోనని అందరికీ బెంగ. ల్యాబులో ఉన్నది ఒక్కటే కూలర్. ఎవరు తిప్పారంటే ఏం చెప్పను, అందరం కలిసే దాని మొహం మిషన్ వైపు తిప్పాం. కొత్తగా వచ్చింది, చుట్టమే కదా! మేం చెమటలు కక్కుతుంటే అది హాయిగా గాలి తాగేది. దాని పక్కనే, అదే బల్ల మీద, నా బిళ్ల కూడా.

మే మధ్యకల్లా నా కొలతలు పూర్తయ్యాయి. తమ్ముడి లెక్క కూడా అదే రోజు తేలింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, అరె, అచ్చు గుద్దినట్టు ఒకటే! వాడు గంతేసి బయటికి పరుగెత్తి అందరికీ తర్రీ పోహా పట్టుకొచ్చాడు. అటుకుల మీద ఎర్రటి కారం పులుసు పోసి ఇస్తారు, మా ఊళ్లో ఏ సంబరమైనా దానితోనే. సర్ కూడా ఇష్టంగా తిన్నారు. చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాక అడిగారు.

"రెండు ఒక్కతీరుగ అచ్చినయా?"

"అచ్చినయ్ సర్, ఏక్‌దం మ్యాచ్!" అన్నాడు తమ్ముడు.

"మరి నీ కంప్యూటర్ ఎప్పుడూ గట్టు ఎత్తు తక్కువ చెప్తది గద? నువ్వే జెప్పినవ్."

వాడి మొహంలో నవ్వు ఆగింది. "గదైతే నిజమే సర్. మా పద్ధతే గంత, అందరికి ఎరుకే. ఖుషీల మర్సిపోయిన."

సర్ నా వైపు తిరిగారు. "లెక్క తక్కువ చెప్పుడు దాని గుణం. కొలిస్తే గూడ తక్కువెట్ల అచ్చింది బిడ్డా? ఇద్దరు అబద్ధం ఒక్కతీరుగ జెప్తే గది నిజమైతదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కలవకపోతే తప్పంటారు, కలిస్తే కూడా తప్పంటారా? పైకి మాత్రం, మళ్లీ ఒకసారి చూస్తాను సర్ అన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆయన పక్కనే కూర్చుని ఉండగా బిళ్లను వేడి చేయడం మొదలుపెట్టాను. అంకెలు పాతవే, బుద్ధిగా వస్తున్నాయి. ఇంతలో కూలర్‌లో నీళ్లు అయిపోయి, అది పొడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. నిరోధం ఒక్కసారిగా పెరగడం మొదలైంది. వేడి చేసేకొద్దీ పడిపోవాల్సింది పైకి ఎగబాకుతోంది! నీళ్లు పోయించాను. మళ్లీ కిందికి దిగింది.

విషయం అర్థమైంది. సన్నసన్న రంధ్రాలున్న ఆ బిళ్ల కూలర్ తేమనంతా పీల్చుకుంటోంది. కరెంటు గట్టు ఎక్కే శ్రమ లేకుండా, ఆ తడి వెంబడి దొంగదారిన జారిపోతోంది. అందుకే గట్టు పొట్టిగా కనబడింది. సర్ లేచి వెళ్లి కూలర్‌ను ఆపేశారు.

"మర్యాద ఎక్కువైంది ఈ బిళ్లకు" అన్నారు.

నేను ఉండబట్టలేకపోయాను. అన్ని బిళ్లలూ మళ్లీ కొలవాలంటే మే దాటిపోతుంది. "సర్, ఉన్నదే ఇచ్చేద్దాం. రెండు కలిసినయ్ గదా, ఎవ్వరు అడగరు. ఎవ్వరికి తెల్వది."

"మనకు తెల్సింది గద."

"మరి మీ పేరు?"

"నా పేరుకేమైతది? రాజురల భూమి కాగితం మీద మంచిగ ఉన్నది." అని నవ్వి, నేను నవ్వకపోయేసరికి నా చేతిలోని రీడింగుల పుస్తకం తీసుకుని మూశారు. "జర బాధైతది బిడ్డా. గాదంటే అబద్ధం. కానీ తప్పుడు అంకె మీద నా పేరు ఎందుకు?"

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఏడ్చాను. ఆయన మీద కోపంతో కొంత, ఆయన కోసం కొంత. మా అమ్మ సంగతి అడిగి తెలుసుకుని, "తడి బిళ్లకు గింత ఏడుపా?" అంది. తల్లీ, నీకెలా చెప్పేది!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ల్యాబులో మేమే పగిలాం. కూలర్ బంద్, కిటికీలు బంద్, ఫ్యాను కూడా బంద్. తడి తువ్వాలు నెత్తిన వేసుకుందామంటే సర్ దాన్నీ గుమ్మం బయటే పెట్టించారు, ఆ తేమ బిళ్లకు తగులుతుందని. అటు ఆయన, ఇటు నేను, మధ్యలో వేడెక్కుతున్న బిళ్ల. తమ్ముడు తలుపు సందులోంచి మజ్జిగ గ్లాసులు అందించి, "బతికుండ్రా?" అని అడిగి పోయేవాడు. తొలకరి పడకముందే ముగించాలి, వాన మొదలైతే గాలి నిండా తడే. ముగించాం. అంకెలు వాడి లెక్క కంటే పైకి వెళ్లి నిలబడ్డాయి, కొలిచిన ప్రతిసారీ అక్కడే. సర్ ఆ గ్రాఫు చూసి పిల్లాడిలా మురిసిపోయారు. అప్పటికి మే గడిచిపోయింది.

ఆయన రిటైరయ్యారు. నేను కొత్త యూనివర్సిటీలో మళ్లీ పేరు రాయించుకున్నాను. ఇంకో కాలేజీ మేడమ్ మంచి మనసుతో గైడ్‌గా సంతకం పెట్టింది. అట్ట మెరూన్ రంగులో వచ్చింది, బంగారు అక్షరాల్లో మేడమ్ పేరు. సర్ భార్యకు చూపించడానికి నాకు చేతులు రాలేదు.

మౌఖిక పరీక్ష కూడా ఎండాకాలంలోనే పడింది. పరీక్షించడానికి ఇక్కడి మరాఠీ అమరావతి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. హాల్లో ఉన్న ఒక్క కూలర్ మొహం సహజంగానే ఆయన వైపు ఉంది. సర్ చివరి వరసలో, గోడ పక్కన, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు. పెద్దాయన పేజీలు తిప్పి, కొలిచిన దానికీ లెక్కకూ ఇంత తేడా ఏమిటమ్మా అని మరాఠీలో అడిగారు. లెక్క తక్కువ చూపించడం దాని గుణమనీ, కొలతలు తేమ లేకుండా తీసినవనీ చెప్పాను.

"తేమ లేకుండా అంటే? మే నెలలో, చంద్రపూర్‌లో, కూలర్ లేకుండానా?"

"అవును సర్."

ఆయన కళ్లద్దాలు తీశారు. "అలా ఎవరు కూర్చోబెట్టారు నిన్ను?"

కాగితం మీది గైడ్ నా పక్కనే ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె కళ్లతోనే, చెప్పు అంది. చేయి చాపి చివరి వరస చూపించాను. "మా గైడ్ సర్. అక్కడున్నారు. నా కంటే దగ్గరగా, బిళ్ల పక్కన, ఆయన కూర్చున్నారు."

పెద్దాయన కళ్లద్దాలు బల్ల మీద పెట్టారు. కుర్చీలోంచి లేచి, తన ముందున్న కూలర్‌ను తానే రెండు చేతులా పట్టుకుని, దాని మొహం చివరి వరసకు తిప్పారు.

సర్ కంగారుగా లేచి నిలబడ్డారు. "అయ్యో, మీరు చుట్టాలు, నాకెందుకు" అంటూ మరాఠీలో బతిమాలారు. ఎవరూ వినిపించుకోలేదు. పరీక్ష ముగిసేదాకా ఆ గాలి ఆయనదే.